డోపమిన్ ఆనంద రసాయనం కాదు, మెదడు భాగాల మధ్య నడిచే కబురు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ‘డోపమిన్ ఉపవాసం’ మీద ఈ మధ్య ఒక పేజీ వచ్చింది. ఫోను చూసినా, మిఠాయి తిన్నా, పందెం గెలిచినా మెదడులో ఆనంద రసాయనం ఊరుతుందనీ, వారానికొక రోజు అన్నీ మానేస్తే తరిగిపోయింది మళ్లీ నిండుతుందనీ దాని సారాంశం. పక్కనే మెదడు బొమ్మ, దాని మధ్యలో ఎర్రగా వెలిగే ఒక చుక్క, కింద ‘ఆనంద కేంద్రం’ అన్న పేరు. వారానికోసారి ఫోను పక్కన పెట్టడం మంచిదే, దానితో పేచీ లేదు. చెప్పిన కారణం తప్పు, బొమ్మ అంతకన్నా తప్పు. డోపమిన్ డాబా మీది నీళ్ల ట్యాంకు కాదు, ఖాళీ అవడానికీ నిండడానికీ. మెదడులో నిర్ణయం ఒక చుక్క దగ్గర జరగదు. కనీసం అరడజను చోట్ల మధ్య అటూ ఇటూ కబుర్లు నడిస్తేనే ‘ఇది కావాలి’, ‘అది వద్దు’ తేలేది. ఈ తేడా పండితులకు మాత్రమే పట్టే సూక్ష్మం కాదు. వణుకు, బిగుసుకుపోవడం తెచ్చే పార్కిన్సన్ జబ్బుకు మందులు వాడుతున్న ఇంట్లోనూ, పందెం యాప్‌ల్లో చిక్కుకున్న కుర్రాడి ఇంట్లోనూ అది నేరుగా పనికొస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

‘ఆనంద కేంద్రం’ అన్న మాట 1954 నాటిది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులోకి సన్నని తీగ దింపి, మీట నొక్కినప్పుడల్లా కాస్త కరెంటు తగిలేలా అమర్చారు. ఎలుకలు గంటకు వందలసార్లు నొక్కాయి. అంతగా నొక్కుతోందంటే సుఖంగా ఉండే నొక్కుతోంది అనుకోవడం సహజం. కానీ దురద పుట్టినవాడు గోక్కున్నంత మాత్రాన గోకుడంటే వాడికి మహా ఇష్టమని చెప్పగలమా? మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ బృందం ఈ ముడిని విప్పింది. డోపమిన్ దాదాపు పూర్తిగా పోయిన ఎలుకల నాలుక మీద చక్కెర నీళ్లు వేస్తే, మామూలు ఎలుకల్లాగే మూతి చప్పరించాయి. అంటే రుచి తెలుస్తోంది, నచ్చుతోంది కూడా. కానీ పక్కనే గిన్నె నిండా తిండి ఉన్నా అటు కదలవు. గొట్టంతో తినిపించకపోతే చచ్చిపోతాయి. పోయింది ‘బాగుంది’ కాదు, ‘కావాలి’ అనేది. డోపమిన్ పని ఈ రెండో వైపు.

అయితే ఆ ‘కావాలి’ ఎలా పుడుతుంది? దీనికి గట్టి ఆధారం వోల్‌ఫ్రమ్ షుల్ట్స్ ప్రయోగాలు. స్విట్జర్లాండులోని ఫ్రిబోర్గ్‌లో ఆయన కోతుల మధ్యమెదడులో ఒక్కొక్క డోపమిన్ కణం విద్యుత్ చప్పుడు విన్నాడు. ఈ కణాలు ఊరికే ఉన్నప్పుడు సెకనుకు మూడు నుంచి ఐదుసార్లు టక్‌టక్‌మంటుంటాయి. అనుకోకుండా నోట్లో ఒక పళ్లరసం చుక్క పడితే సెకనులో పదో వంతుకే అవి గబగబా పేలతాయి, సెకనులో ఐదో వంతు తిరిగేలోపు మళ్లీ మామూలవుతాయి. అసలు విషయం తర్వాత ఉంది. చుక్కకు ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేస్తే, కొన్నాళ్లకు పేలుడు రసం దగ్గర ఆగిపోయి దీపం దగ్గరికి జరుగుతుంది. రసం పడుతూనే ఉంది, కోతి తాగుతూనే ఉంది, డోపమిన్ కణాలకు మాత్రం పట్టదు. ఇక దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం పడాల్సిన క్షణాన కణాలు మౌనంగా ఉండిపోతాయి. ఆనంద రసాయనమే అయితే రసం తాగినప్పుడల్లా పలకాలి కదా! అది పలికేది అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాని. 1997లో షుల్ట్స్, పీటర్ దయాన్, రీడ్ మాంటగ్ కలిసి సైన్స్ పత్రికలో ఈ మాటే లెక్కగా రాశారు. 2017లో షుల్ట్స్, దయాన్, రే డోలన్ ముగ్గురికీ బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది.

లెక్క చిన్నదే, హైస్కూలు పిల్లలు కూడా వేయగలరు. కొత్త అంచనా కావాలంటే పాత అంచనాకు ‘తేడాలో కొంత భాగం’ కలపాలి. ఆ కొంత భాగం ఐదో వంతు అనుకుందాం. దీపం చూసినప్పుడు మొదటి అంచనా సున్నా, రసం విలువ 10. మొదటిసారి తేడా 10, అంచనా 2 అవుతుంది. రెండోసారి తేడా 8, అంచనా 3.6. మూడోసారి 4.88, నాలుగోసారి సుమారు 5.9. తేడా తరుగుతూ పోతుంది, నేర్చుకోవడం నెమ్మదిస్తుంది. అంచనా 10కి చేరాక తేడా సున్నా, డోపమిన్ మౌనం. అప్పుడొక రోజు రసం ఎగ్గొడితే తేడా మైనస్ 10. ఐదో వంతు బదులు సగం పెడితే అంచనా గబగబా ఎక్కుతుంది, ఒక్క చెడ్డ రోజుకు అంతే గబగబా కూలుతుంది. పదో వంతు పెడితే నింపాదిగా ఎక్కుతుంది, కానీ లోకం మారినా పాత అంచనానే పట్టుకు వేలాడుతుంది. ఏది మంచిదన్నది లోకం ఎంత తొందరగా మారుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇందులో ఒక అసమానత ఉంది, దాన్ని చాలా వ్యాసాలు వదిలేస్తాయి. సెకనుకు ఐదుసార్లు కొట్టుకునే కణం మంచి వార్తకు ఇరవైకో ముప్పైకో ఎగరగలదు. చెడ్డ వార్తకు సున్నాకన్నా కిందికి పోలేదు కదా! అందుకని ‘చాలా చెడ్డది’, ‘కొంచెం చెడ్డది’ అనే తేడా ఎంతసేపు మౌనంగా ఉందన్నదానిలో దాగుతుంది. ఆ మౌనం దానంతటది రాదు. 2007లో మత్సుమోతో, హికోసక చూపించింది ఇదే: మెదడు నడిమధ్యన లాటరల్ హబెన్యులా అనే గింజంత ముద్ద ఉంది. ఆశాభంగం కాగానే ముందు అది పేలుతుంది, ఆ వెంటనే డోపమిన్ కణాలు నోరు మూసుకుంటాయి. ఒకచోటి అరుపు, ఇంకోచోటి మౌనం. మీ బొమ్మలో హబెన్యులాకు చోటే లేదు.

ఇక కబురు ఎక్కడికి వెళుతుందో చూద్దాం. మనిషి మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. డోపమిన్ తయారుచేసేవి అందులో కొన్ని లక్షలే, అవీ ఎక్కువగా మధ్యమెదడులోనే. అంత కొద్దిమంది అంత పెద్ద ఊరికి దండోరా ఎలా వేస్తారు? తీగలు విపరీతంగా చీల్చుకుని. ఎలుకలో ఒక్క డోపమిన్ కణం, మెదడు లోతున పనుల ఎంపికలో పాలుపంచుకునే స్ట్రియేటమ్ అనే భాగంలోకి పంపే కొమ్మలన్నీ కలిపి కొలిస్తే సగటున అర మీటరుకు దగ్గరగా తేలాయి, ఎలుక మెదడు మన బొటనవేలంత కూడా ఉండదన్నది గుర్తుంచుకోవాలి. కాబట్టి ఇది ఒకరి చెవిలో ఊదే మాట కాదు, మైకులో చెప్పే మాట. ‘అనుకున్నదానికన్నా బాగుంది’ అన్న ఒకే ముక్క వేల కణాలకు ఒక్కసారే వినిపిస్తుంది. ఏ పని వల్ల బాగుందో మైకు చెప్పదు.

మరి ఏ పనికి మార్కులు వేయాలో స్ట్రియేటమ్‌కు ఎలా తెలుస్తుంది? మెదడు పైపొర, అంటే కార్టెక్స్, నుంచి వచ్చే వేల తీగలు స్ట్రియేటమ్ కణాల ముళ్ల మీద, అంటే కబురు అందుకునే సన్నని మొలకల మీద, వాలతాయి. ఇప్పుడిప్పుడే వాడిన ముల్లు కాసేపు పచ్చిగా ఉంటుంది. ఆ పచ్చిదనం ఉండగా డోపమిన్ తగిలితే ఆ ముల్లు బలిసి అతుకు గట్టిపడుతుంది, ఆరిపోయాక తగిలితే ఏమీ కాదు. 2014లో టోక్యో విశ్వవిద్యాలయం బృందం ఈ గడువు కొలిచింది: ముల్లు వాడిన తర్వాత దాదాపు 0.3 నుంచి 2 సెకన్లలోపు డోపమిన్ రావాలి. ఈ రెండు సెకన్లు గుర్తుపెట్టుకోండి, పందెం యాప్‌ల సంగతి దగ్గర మళ్లీ వస్తాయి.

స్ట్రియేటమ్ తర్వాతి దారి వినడానికి తిరకాసుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ పని అంతా బ్రేకుల మీద నడుస్తుంది. స్ట్రియేటమ్ పక్కనుండే గ్లోబస్ పాలిడస్ అనే ముద్ద లోపలి భాగం సెకనుకు అరవై, ఎనభైసార్లు కొట్టుకుంటూ, కార్టెక్స్‌కు కబుర్లు అందించే థాలమస్ మీద ఎప్పుడూ బ్రేకు తొక్కి పట్టి ఉంచుతుంది. స్ట్రియేటమ్‌లో డి1 గ్రాహకం (డోపమిన్ వచ్చి కూర్చునే కుర్చీ లాంటిది) ఉన్న కణాలు ఆ బ్రేకు మీది కాలిని ఎత్తిస్తాయి. అంతే, థాలమస్ తెరుచుకుని కార్టెక్స్‌కు ‘కానీ’ అంటుంది. డి2 గ్రాహకం ఉన్న కణాలు చుట్టుదారిలో వెళ్లి అదే బ్రేకును ఇంకా గట్టిగా తొక్కిస్తాయి. డోపమిన్ పెరిగితే మొదటివాళ్ల గొంతు లేస్తుంది, తగ్గితే రెండోవాళ్లది. అంటే మన మెదడు ఒక పనిని ‘మొదలుపెట్టడం’ కన్నా, ఆపి ఉంచిన పనుల్లో ఒకదాన్ని వదలడం అనడమే నిజానికి దగ్గర. ఇలాంటి వలయాలు ఒకటి కాదు: కదలికకు ఒకటి, ఆలోచనకు ఒకటి, ప్రతిఫలానికి ఒకటి. ఇవి సమాంతరంగా నడుస్తాయని అలెగ్జాండర్, డెలాంగ్, స్ట్రిక్ 1986లోనే గీసి చూపారు.

ఈ దారిలో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే ఇంకో చిన్న ముద్ద ఉంది. దీనికి కార్టెక్స్ నుంచి అడ్డదారి ఉంది. రెండు అవకాశాలు సమఉజ్జీలుగా కనబడి తేల్చుకోలేనప్పుడు, ‘ఆగు, ఇంకాస్త చూద్దాం’ అన్న మాట ఈ దారినే వస్తుంది. మైకేల్ ఫ్రాంక్ బృందం 2007లో దీన్ని మనుషుల్లోనే పరీక్షించింది. పార్కిన్సన్ రోగుల్లో వణుకు తగ్గించడానికి కొందరికి ఈ ముద్దలోనే తీగ పెట్టి కరెంటు ఇస్తారు. కరెంటు నడుస్తున్నప్పుడు, సులువైన ఎంపికల సంగతి ఎలా ఉన్నా, కష్టమైన ఎంపికల్లో వాళ్లు తటపటాయించాల్సింది పోయి ఇంకా తొందరపడ్డారు. మన దేశంలో ఐఐటీ మద్రాసులో వి. శ్రీనివాస చక్రవర్తి బృందం ఇదే ముద్దనూ, గ్లోబస్ పాలిడస్ బయటి భాగాన్నీ జంటగా తీసుకుని వాటికి ఇంకో పాత్ర ఇచ్చింది: తెలిసిన దారి వదిలి కొత్తదాన్ని వెతికించడం. కంప్యూటర్ నమూనాల మీద వచ్చిన ఆలోచన అది. బ్రేకు, అన్వేషణ రెండూ ఒకేచోట ఉండటంలో వైరుధ్యం కూడా లేదు. ఆగితేనే కదా పక్క సందు కనబడేది.

ఇంతవరకు చెప్పింది ‘పలానా పని చెయ్యాలా వద్దా’ గురించి. బజారులో ఒక బంగినపల్లి కావాలా, మూడు చిన్న రసాలా అన్న ప్రశ్న వేరు. అక్కడ రెండు వేర్వేరు వస్తువులను ఒకే తక్కెట్లో తూచాలి. ఆ తూకం కళ్లకు పైన ఉండే ఆర్బిటోఫ్రాంటల్ కార్టెక్స్‌లో కనబడుతుంది. 2006లో పదోవా-స్కియోప్పా, అస్సాద్ కోతులకు రెండు రకాల రసాలు వేర్వేరు పరిమాణాల్లో చూపి ఎంచుకోమన్నారు. ఒక్క చుక్క మొదటి రసం మూడు చుక్కల రెండో రసానికి సాటి అని కోతి ఎంపికలే చెబితే, ఈ కణాల వేగం కూడా సరిగ్గా అదే నిష్పత్తిలో పెరిగింది. రసం కుడివైపు చూపారా ఎడమవైపు చూపారా, చెయ్యి ఎటు కదలాలి అన్నది వాటికి పట్టలేదు. అంటే అది ధర, దిక్కు కాదు. 2020లో పదోవా-స్కియోప్పా బృందం అక్కడ కరెంటు ఇచ్చి ఎంపికలను మార్చి చూపింది. అప్పటిదాకా ‘కలిసి కనబడుతోంది’ అన్న మాట ‘దీనివల్లే’ అయింది.

ధర ఒక్కసారి రాస్తే చాలదు. కడుపునిండా తిన్నాక అదే మామిడిపండు ధర పడిపోవాలి. ఆ కబురు మెదడు లోతున భావాలతో ముడిపడ్డ అమిగ్డలా అనే భాగం నుంచి రావాలి. ఇది నిజంగా రెండు చోట్ల మధ్య సంభాషణే అని తేల్చిన ప్రయోగం నాడీశాస్త్రంలో అందమైన వాటిలో ఒకటి, దాని తర్కం కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. మెదడులో దాదాపు ప్రతి భాగమూ కుడి ఒకటి, ఎడమ ఒకటి జంటగా ఉంటుంది. కుడి అమిగ్డలా కుడి ఆర్బిటోఫ్రాంటల్‌తో, ఎడమ ఎడమతో మాట్లాడుకుంటాయి. ఒకవైపు అమిగ్డలాను తీసేస్తే రెండోవైపు జంట చెక్కుచెదరదు. ఒకవైపు ఆర్బిటోఫ్రాంటల్‌ను తీసినా అంతే. కానీ ఒకవైపు అమిగ్డలాను, ఎదుటివైపు ఆర్బిటోఫ్రాంటల్‌ను తీసి, రెండు అర్ధభాగాలను కలిపే వంతెనను కూడా కోస్తే? రెండు రకాల భాగాలూ ఒక్కొక్కటి మిగిలే ఉన్నాయి, పని చేస్తూనే ఉన్నాయి, ఒకదాని మాట ఇంకోదానికి చేరే దారే లేదు. 2000లో బాక్స్టర్, మర్రే బృందం కోతుల్లో ఇదే చేసింది. ఒక తిండి పొట్ట పగిలేలా పెట్టాక కూడా ఆ కోతులు, మామూలు కోతుల్లా దాన్ని వదిలి రెండోదానికి మారలేకపోయాయి. లోపం ఏ ఒక్క భాగంలోనూ లేదు, మధ్య లైనులో ఉంది. మెదడు ‘కేంద్రాల’ గురించి రాసే ప్రతి విలేకరీ ఒక్కసారైనా ఈ ప్రయోగం చదవాలని మా కోరిక.

జ్ఞాపకం కూడా ఈ మాటల్లో కలుస్తుంది. చిక్కుదారి పలక మీద దారి చీలిన చోట ఎలుక ఆగి అటూ ఇటూ తల తిప్పుతుంది. 2007లో మిన్నెసోటాలో జాన్సన్, రెడిష్ ఆ క్షణాన జ్ఞాపకాలకూ దారులకూ కీలకమైన హిప్పోక్యాంపస్ కణాలను చదివితే, ఎలుక కాళ్లు కదలకుండానే కణాలు ముందు ఒక దారిలోకి, తర్వాత రెండో దారిలోకి ‘వెళ్లి’ వచ్చాయి. 2010లో పారిస్ బృందం ఇంకో ముక్క చేర్చింది: కొత్త నియమం పట్టుబడ్డాక, దారి చీలిన చోట హిప్పోక్యాంపస్‌లోని థీటా అనే విద్యుత్ లయకూ, నుదుటి వైపు ఉండే ముందు మెదడులోని లయకూ పొత్తు పెరుగుతుంది. మత్తులో ఉన్న ఎలుకల ముందు మెదడులో డోపమిన్ వేసినా ఆ పొత్తు పెరిగింది. లయ ఎందుకు ముఖ్యమంటే, కణం అన్ని వేళలా ఒకే రకంగా వినదు. వినే చోటి లయలో తలుపు తెరిచి ఉన్న క్షణానికే కబురు చేరాలి. కోలాటంలో ఇద్దరి కర్రలు ఒకే తాళానికి లేస్తేనే తగులుతాయి.

ఇక్కడే తప్పులు ఎక్కువ దొర్లేది, కాబట్టి కొలతల సంగతి కొంచెం చెప్పాలి. రెండు చోట్ల లయలు కలిశాయంటే అవి మాట్లాడుకుంటున్నట్టు కాదు. మూడో చోటు రెండింటినీ ఒకేసారి ఆడిస్తుండవచ్చు. ఒకచోటి విద్యుత్తే తడి కణజాలంలో పాకి రెండో తీగకు తగులుతుండవచ్చు. ఎలుక పరిగెత్తే వేగం మారితే థీటా మారుతుంది, చీలిక దగ్గర అది నెమ్మదించడం ఖాయం, అప్పుడు మీరు కొలిచింది నిర్ణయమా, వేగమా? అందుకే వేగం సమానంగా ఉన్న ప్రయత్నాలనే ఏరాలి, ఒక ప్రయత్నంలోని ఒక చోటిని ఇంకో ప్రయత్నంలోని రెండో చోటితో కలిపి నకిలీ జోడీలు చేసి పోల్చాలి. ఇవి చేయని పేపరును నమ్మకపోయినా నష్టం లేదు.

పత్రికల్లో వచ్చే రంగు బొమ్మలు ఎక్కువగా ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే మెదడు స్కాన్‌వి. అది డోపమిన్‌ను చూడదు, కణాల పేలుడునూ చూడదు. రక్తంలో ఆక్సిజన్ మార్పును చూస్తుంది. డోపమిన్ పేలుడు సెకనులో ఐదో వంతు, రక్తం స్పందన పతాక స్థాయికి రావడానికి ఐదారు సెకన్లు. బొమ్మలో ఒక చిన్న గడి సాధారణంగా మూడు మిల్లీమీటర్ల ఘనం, అందులో లక్షల కణాలు. ఎర్రగా ‘వెలిగింది’ అన్నచోట నిజంగా పెరిగింది తరచుగా ఒక శాతం అటూ ఇటూ, ఎరుపు రంగు వేసింది కంప్యూటరు. గడులు లక్ష ఉంటే, వెయ్యిలో ఒకటి పొరపాటు పరవాలేదన్న గీత పెట్టుకున్నా వంద గడులు ఊరికే వెలుగుతాయి. ఇది నవ్వులాటగా నిరూపించడానికి క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపి, దిద్దుబాటు లేని లెక్కతో దాని మెదడు ‘స్పందించినట్టు’ 2009లో చూపింది. చేప దగ్గర పాపం డోపమిన్ ఉపవాసం పూర్తయ్యే ఉంది.

మరి ఇంతకన్నా బాగా చూడలేమా? చూస్తున్నారు. 2017లో వచ్చిన న్యూరోపిక్సెల్స్ సూది వెంట్రుకంత సన్నం, పది మిల్లీమీటర్ల పొడవు, దాని మీద 960 చోట్లు, ఒకేసారి 384 చోట్ల వినవచ్చు. ఈ సూదులతో పన్నెండు ప్రయోగశాలలు ఒకే పనిని ఒకే పద్ధతిలో చేయించి, ఇంటర్నేషనల్ బ్రెయిన్ లాబొరేటరీ పేరుతో 2025 సెప్టెంబరులో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రచురించాయి. 139 చుంచులు, 279 మెదడు భాగాలు, ఆరు లక్షలకు పైగా కణాల నమోదు. పని ఇది: తెర మీద ఎడమనో కుడినో చారల బొమ్మ కనబడుతుంది, చుంచు చిన్న చక్రం తిప్పి దాన్ని మధ్యకు తేవాలి. సరిగ్గా చేస్తే ఒక చుక్క నీళ్లు, తప్పితే గరగర శబ్దం, రెండు సెకన్ల ఎదురుచూపు. మొదటి 90 సార్లు రెండు వైపులా సమానం. తర్వాత కొంతసేపు ఒకవైపు 80 శాతం, ఇంకొంతసేపు రెండోవైపు 80 శాతం, చెప్పకుండా మారుస్తారు. బొమ్మ మసగ్గా ఉన్నప్పుడు చుంచు ఇప్పటిదాకా ఎటు ఎక్కువ వచ్చిందో దాన్నిబట్టి తిప్పాలి. తేలిందేమిటంటే, చూపు కబురు మొదట కొద్ది చోట్లే కనబడుతుంది, ఎంపిక చాలా చోట్లకు పాకుతుంది, ప్రతిఫలం కబురు ఇంచుమించు మెదడంతా వినబడుతుంది. ‘ఎటు ఎక్కువ’ అన్న ముందస్తు అంచనా కూడా పై అధికారి గదిలోనే కాకుండా చూపు మొదటి మెట్ల మీదే దొరికింది. అయితే చుంచు మీసం కదిపినా, నాకినా అది కూడా మెదడంతా వినబడుతుంది. దాన్ని లెక్కలో విడిగా తీసేయకపోతే నాకడాన్నే ఆనందం అనుకునే ప్రమాదం ఉంది.

డోపమిన్ లెక్క కూడా వేదవాక్కు కాదు. 2020లో నేచర్‌లో వచ్చిన ఒక పరిశోధన డోపమిన్ కణాలన్నీ ఒకే తేడా చెప్పవనీ, కొన్ని ఆశావాదులు, కొన్ని నిరాశావాదులనీ, అన్నీ కలిస్తే అవకాశాల పంపకం మొత్తం వాటిలో ఉంటుందనీ చూపింది. 2022లో విజయ్ మోహన్ నంబూద్రి బృందం సైన్స్‌లో ఇంకా ముందుకు పోయి, డోపమిన్ ముందుకు చూసే అంచనా కాదు, ‘దీనికి కారణం ఏమై ఉంటుంది’ అని వెనక్కి చూసే లెక్క అని వాదించింది. వాదన నడుస్తోంది. మా దృష్టిలో చాలా ప్రయోగాలను తేడా లెక్క ఇప్పటికీ సుళువుగా వివరిస్తుంది, కానీ పాఠ్యపుస్తకంలో దాన్ని తిరుగులేని సత్యంగా రాయడం తొందరపాటు. ఈ రెండు పక్షాల్లో ఏదీ డోపమిన్‌ను ఆనందం అనడం లేదన్నది మాత్రం మీరు గమనించాలి.

ఇప్పుడు ఇళ్లలోకి వద్దాం. 1950ల చివర స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్, మన సర్పగంధి వేరు నుంచి తీసే రిసర్పిన్‌ను కుందేళ్లకు ఇస్తే అవి చెవులు వాల్చి కదలకుండా పడిపోయాయి. మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే లేచాయి. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది, అంతకు చాలా ముందే పార్కిన్సన్ రోగులకు ఎల్-డోపా వచ్చింది. ఆ తర్వాత వచ్చినవి ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు. ఇవి డోపమిన్‌గా మారవు, డోపమిన్ కూర్చునే చోట్లలో తామే కూర్చుంటాయి. చిక్కు అక్కడే. పార్కిన్సన్‌లో డోపమిన్ ఎక్కువగా పోయేది స్ట్రియేటమ్ వెనక, పై భాగాల్లో, అంటే కదలిక వలయంలో. ప్రతిఫలం వలయం మొదట్లో చాలావరకు బాగానే ఉంటుంది. కదలికకు సరిపడే మోతాదు అక్కడ ఎక్కువైపోతుంది. పైగా ఆశాభంగం అయినప్పుడు రావాల్సిన మౌనం రాదు, ఎందుకంటే కణాలు నోరు మూసినా మాత్ర కుర్చీ ఖాళీ చేయదు. ఓడినా ‘ఓడావు’ అన్న కబురు సగమే చేరుతుంది. 2004లో ఫ్రాంక్ బృందం దీన్ని పరీక్షగా పెట్టింది: మందు వేసుకున్న రోగులు గెలుపుల నుంచి బాగా నేర్చుకున్నారు, మందు లేనప్పుడు రోగులు ఓటముల నుంచి బాగా నేర్చుకున్నారు.

ఫలితం? 2010లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో 3,090 మంది పార్కిన్సన్ రోగులను అడిగితే 13.6 శాతం మందిలో అదుపు తప్పిన జూదం, కొనుగోళ్లు, లైంగిక ప్రవర్తన, తిండి వీటిలో ఏదో ఒకటి కనబడింది. ఈ రకం మాత్రలు వాడేవారిలో 17.1 శాతం, వాడనివారిలో 6.9 శాతం. అరవై ఏళ్లు ఒక్క లాటరీ టికెట్టు కొనని పెద్దాయన ఉన్నట్టుండి రాత్రిళ్లు ఫోనులో పందేలు కాస్తుంటే, ఇంట్లోవాళ్లు బుద్ధి చెడిందనుకుంటారు, ఆయన సిగ్గుతో దాస్తాడు. చేయాల్సింది ఇది: మాత్ర మొదలుపెట్టేటప్పుడే, మోతాదు పెంచినప్పుడల్లా, ఆ నాలుగు విషయాలూ రోగిని విడిగా, ఇంట్లోవాళ్లను విడిగా అడగాలి. డబ్బు ఖాతాలో ఇంకొకరి కన్ను ఉండాలి. మార్పు కనబడితే వెంటనే మందు రాసిన డాక్టరుకు చెప్పాలి. మాత్ర తమంతట తాము టక్కున మానేయకూడదు. మానితే కదలిక బిగుసుకోవడమే కాకుండా ఆందోళన, చెమటలు, దిగులు ముంచుకురావచ్చు. సాధారణంగా డాక్టరు మెల్లగా తగ్గిస్తారు, అవసరమైతే వేరే మందు సర్దుతారు. కాళ్ల జివజివకు (రెస్ట్‌లెస్ లెగ్స్) ప్రామిపెక్సోల్ తక్కువ మోతాదులో వాడేవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

పందెం యాప్‌ల సంగతికి వద్దాం. ఇందాక చెప్పిన రెండు సెకన్లు అక్కడ ఎంత బాగా పనిచేస్తాయో చూడండి. వేలు తగిలిన మరుక్షణం ఫలితం, ముల్లు ఇంకా పచ్చిగానే ఉంటుంది. వారం తర్వాత డ్రా తీసే లాటరీ ఈ పని ఇంత గట్టిగా చేయలేదు. రెండోది, అనిశ్చితి. 2003లో ఫియోరిల్లో, టాబ్లర్, షుల్ట్స్ రసం వచ్చే అవకాశాన్ని మారుస్తూ పోతే, దీపానికీ రసానికీ మధ్య డోపమిన్ కణాలు మెల్లగా ఎక్కడం యాభై శాతం దగ్గరే ఎక్కువగా ఉంది. తప్పక వస్తుందన్నా, అసలు రాదన్నా అది లేదు. మూడోది, ‘అబ్బ, కొద్దిలో పోయింది’. 2009లో లూక్ క్లార్క్ బృందం బొమ్మల చక్రాలు తిరిగే స్లాటు ఆటలో కొద్దిలో తప్పిన ఓటమిని చూస్తే, స్ట్రియేటమ్ అడుగు భాగం గెలుపుకు స్పందించిన తీరులోనే దానికీ స్పందించింది. బాధగా ఉందని ఆడేవాళ్లు చెబుతూనే, ఇంకా ఆడాలనిపిస్తోందన్నారు. నైపుణ్యమున్న ఆటలో కొద్దిలో తప్పడం నిజంగా పనికొచ్చే కబురు, విలుకాడికి గురి దగ్గరపడుతోందని అర్థం. యంత్రం తిప్పే చక్రాల్లో దానికి అర్థమే లేదు, కానీ మెదడు భాగాలు మాట్లాడుకునే భాషలో ఆ తేడాకు మాట లేదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, నిర్వాహకులకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. చట్టం ఉంది, అయినా బయటి దేశాల యాప్‌ల లింకులు చేతులు మారుతూనే ఉంటాయి. చట్టం మూయలేని సందులో పత్రిక చేయగలిగింది ఉంది. ఓడినవాడి కథ రాసేటప్పుడు ‘డోపమిన్‌కు బానిస’ అని రాయకండి, ఆ మాట ఎవరికీ పనికిరాదు. ఫలితం ఎన్ని సెకన్లలో వచ్చేలా యాప్ కట్టారు, కొద్దిలో తప్పినట్టు ఎన్నిసార్లు చూపారు, గెలిచిన చప్పుడు పది రూపాయలు పోయినప్పుడు కూడా మోగిందా, ఇవి అడిగి రాయండి.

మెదడు వార్త వేసేముందు ఉపసంపాదకుడు అడగదగిన ప్రశ్నలు కూడా పెద్దగా లేవు. చూసింది మనుషుల్నా, కోతుల్నా, ఎలుకల్నా? ఎంతమందిని? కొలిచింది రక్తాన్నా, విద్యుత్తునా, రసాయనాన్నా? రెండు చోట్లు కలిసి మారాయన్నారా, లేక ఒకదాన్ని ఆపితే రెండోది మారిందని చూపారా? ఈ నాలుగింటికి జవాబు దొరకని వార్త ఒకరోజు ఆగినా మునిగేది లేదు. బొమ్మ వేయాల్సి వస్తే ఎర్ర చుక్క బదులు గీతలు వేయండి: మధ్యమెదడు నుంచి స్ట్రియేటమ్‌కు, అక్కడి నుంచి పాలిడస్, థాలమస్, కార్టెక్స్ మీదుగా మళ్లీ స్ట్రియేటమ్‌కు తిరిగొచ్చే వలయం, పక్కన హబెన్యులా నుంచి మధ్యమెదడుకు ఒక అడ్డుగీత. మీ చిత్రకారుడికి అరగంట పని.

ఆ అనుబంధంలోనే సవరణ వేస్తారని ఆశిస్తున్నాం. వేసేటప్పుడు కింద టెలీ మానస్ నంబరు 14416 కూడా ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం అది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇట్లు,
నాడీశాస్త్రం బోధించే ఇద్దరు పాఠకులు